తోడికోడలు వండిన సంధి

గరిటెమ్మకు ఆ పేరు వండడం వల్ల రాలేదు, విసరడం వల్ల వచ్చింది. ఏటి ఒడ్డు హోటల్లో ఆవిడ చేతి వంటకు వంక పెట్టే మొనగాడు ఊరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. వాడు ఆవిడ సొంత తమ్ముడు. తల్లి పోతే చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు, పెళ్ళయి అత్తింటికి వస్తూ వెంట తెచ్చుకున్న తమ్ముడు. సూపు అమృతంలా కుదిరినా సరే, మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "ఉప్పు తక్కువైందక్కా" అనేవాడు. గరిటె గాల్లోకి లేచేది. వాడు తల వంచేవాడు. గరిటె పోయి వంటింటి తలుపుకు తగిలేది. ఆ తలుపు నిండా గాట్లే. వాడు అబద్ధమాడుతున్నాడని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని వాడికీ తెలుసు. అయినా ఒక్క పూట కూడా ఆ తతంగం మానలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది, తమ్ముణ్ణి పట్టుకుపోయింది. తలుపు మీద కొత్త గాటు పడలేదు.

ఆ యుద్ధం ఎందుకొచ్చిందంటే ఏం చెప్పాలి? ఏటి మీది వంతెన దగ్గర అవతలి కాపలావాడు ఇవతలి కాపలావాణ్ణి చెంప మీద కొట్టాడని ఇవతలివాళ్ళంటారు. ముందు అమ్మను తిట్టింది ఇవతలివాడేనని అవతలివాళ్ళంటారు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే తాగారని పడవవాడంటాడు. చెంపదెబ్బకు దేశాలు తగలబడవు లెండి. కొండల కింద బొగ్గుంది, దాని మీద ఇద్దరి కన్నూ ఉంది. రాజులిద్దరూ అక్కచెల్లెళ్ళ పిల్లలు, చిన్నప్పుడు ఒకే కొయ్యగుర్రం కోసం జుట్లు పీక్కున్నవాళ్ళు. పత్రికలవాళ్ళు గోరంతను కొండంత చేశారు. ఫిరంగుల షావుకారు రెండు వైపులా సరుకమ్మి రెండు వైపులా దేశభక్తుడనిపించుకున్నాడు. జనం మాత్రం తక్కువ తిన్నారా, వీధిలోకొచ్చి గొంతు బొంగురుపోయేదాకా జేజేలు కొట్టారు. తిలా పాపం తలా పిడికెడు.

పిడికెడు పాపానికి పుట్టెడు ఫలం దక్కింది. గడియారాలు బాగుచేసేవాడు బాంబులకు మరలు బిగించడం నేర్చాడు. పెళ్ళిబట్టలు కుట్టే దర్జీ సైనికుల కోట్లు కుట్టాడు, అవయ్యాక కట్లు కట్టడానికి తెల్లగుడ్డ చించాడు. బడి ఆస్పత్రి అయింది. నలుగురిలో నోరెత్తని ఆడపిల్లలు రైళ్ళలో బొగ్గెత్తారు, టిక్కెట్లు కోశారు, మగవాళ్ళను "వరసలో నిలబడవయ్యా" అని గదమాయించడం అలవాటు చేసుకున్నారు. వంతెన ఏట్లో పడింది. రాజుల్లో ఒకాయన మారువేషంలో పారిపోయాడు, రెండో ఆయన పారిపోవడానికి కూడా బద్ధకించి ఇంట్లోనే దొరికిపోయాడు. సింహాసనాలు పోయి కుర్చీలొచ్చాయి. జెండాల రంగులు మారాయి. చివరికి ఇరువైపులా కొట్టుకునే ఓపిక అయిపోయి తుపాకులు ఆగాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సంధి మాట్లాడుకోవడానికి చోటు వెతికితే, ఏటికి ఇటూ అటూ పైకప్పు నిలిచిన పెద్ద కట్టడం ఏటి ఒడ్డు హోటలొక్కటే కనబడింది.

హోటల్ గరిటెమ్మ బావగారిది, అంటే చనిపోయిన భర్తకు అన్నగారిది. అవతలి మంత్రి తన పరివారంతో మేడమీద తూర్పు గదుల్లో దిగాడు. ఆయన మీసాలు ఆయన కంటే ముందు గదిలోకి వచ్చేవి కనుక అందరూ మీసాలాయన అన్నారు. ఇవతలి మంత్రి పడమటి గదుల్లో దిగాడు. ఆయన మాటకొకసారి కళ్ళద్దాలు తుడుచుకునేవాడు కనుక కళ్ళద్దాలాయన అయ్యాడు. మధ్య హాల్లో పొడుగాటి టేబుల్ వేశారు. చర్చలు మొదలయ్యాయి.

గరిటెమ్మకు ఆ టేబుల్ మీద ఉన్నది ఒక్కటే. సంతకాలైతేనే ఖైదీలను వదులుతామని ఇద్దరు మంత్రులూ మొదటిరోజే తేల్చి చెప్పారు. తమ్ముడు అవతలి దేశంలో రాతి గనిలో ఉన్నాడు. కాలు పోయి ముందుగా ఇల్లు చేరిన సైనికుడొకడు వచ్చి చెప్పాడు, వాడు బతికే ఉన్నాడని, బాగా దగ్గుతున్నాడని, కిందటి చలికాలం మంచులో చాలామంది లేవలేదని. ఇంకో చలికాలం అంటే, అని ఆగి, ఆ సైనికుడు కర్రతో నేల గీస్తూ కూర్చున్నాడు. మిగతాది ఆవిడే అర్థం చేసుకుంది. మంచు పడేలోపు సంతకాలు పడాలి.

కడుపు నిండినవాడికి కొట్లాడాలనిపించదని గరిటెమ్మ గట్టి నమ్మకం. ఇంట్లో మగవాళ్ళ కోపాలన్నీ ఆవిడ అలాగే ఆర్పింది, దేశాల కోపం మాత్రం ఆరదా అనుకుంది. తన విద్యంతా బయటికి తీసింది. సన్నసెగ మీద గంటలకొద్దీ మరిగిన సూపు, వేలితో తాకితే విడిపోయే మాంసం, వెన్న పూయక్కర్లేని మెత్తటి రొట్టె, పళ్ళ ముక్కలు పెట్టి కాల్చిన కేకులు. కంచాలు కడగనక్కర్లేనంత శుభ్రంగా తిరిగొచ్చేవి. గరిటెమ్మ మురిసిపోయేది, ఇంకేం, రేపో మాపో సంతకాలే అనుకునేది.

ఇక్కడే ఆవిడ లెక్క తప్పింది. భోంచేసిన మంత్రులు కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయేవారు. లేచాక టీ, టీతో కేకు. ఆ తర్వాత ఒక గంట మాట్లాడుకుందామని కూర్చుని, 'యుద్ధానికి కారణం' అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవారు. ముందు చెంపదెబ్బా, ముందు తిట్టా? ఎండాకాలమంతా ఆ చెంప దగ్గరే గడిచిపోయింది.

ఊరికి ఇది పండిన పంట. లాండ్రీవాడు రెండు దేశాల దుప్పట్లూ ఉతుకుతున్నాడు. ఫోటోగ్రాఫర్ రోజూ అవే మొహాలను కొత్తగా ఫోటో తీస్తున్నాడు. బావగారి హోటల్ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. చర్చలు పదికాలాలపాటు చల్లగా సాగాలని అందరూ కోరుకునేవారు. యుద్ధంతో నష్టపోయినవాళ్ళకు శాంతి ఆలస్యమైతేనే లాభమన్నమాట. ఊరందరిదీ ఒక దారి అయితే గరిటెమ్మది ఒక దారి.

ఒక మధ్యాహ్నం సూపు గిన్నె పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. మీసాలాయన రెండో గిన్నెడు ఖాళీ చేసి మీసాలు తుడుచుకుంటూ, "ఈ సూపు దొరికినన్నాళ్ళు నాకేం తొందరలేదండీ" అన్నాడు. కళ్ళద్దాలాయన నవ్వుతూ, నాకూ అంతే, అన్నాడు. వచ్చిన ఇన్నాళ్ళలో ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. గరిటెమ్మ వంటింట్లోకి వచ్చి పిండి బస్తా మీద కూలబడింది. తమ్ముణ్ణి ఆ గనిలో ఉంచుతున్నది రాళ్ళూ కాపలావాళ్ళూ కాదు, తన చేతి సూపు! ఆ మాట తట్టగానే ఆవిడకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాటి నుంచి చెడగొట్టడం మొదలుపెట్టింది. చెప్పినంత తేలికా అది? ఉప్పు వేయకూడదనుకుంటే చెయ్యి దానంతటదే ఉప్పుజాడీలోకి పోయేది. జాడీని అటక మీద పెట్టించి మరీ చప్పిడి సూపు పంపితే, కళ్ళద్దాలాయనకు రక్తపోటట, డాక్టరు ఇలాంటిదే తినమన్నాడట, ఎంత తేలిగ్గా ఉందో అని మెచ్చుకుని కబురంపాడు. రొట్టె మాడిస్తే, చిన్నప్పుడు మా నాయనమ్మ ఇలాగే కాల్చేదని మీసాలాయన కళ్ళు తుడుచుకుని ఇంకో ముక్క అడిగాడు. మాంసం గట్టిగా వదిలేస్తే పళ్ళకు మంచి కసరత్తన్నారు. మంచి చెయ్యి చెడ్డ వంట చేయాలన్నా అందులో ఎక్కడో రుచి మిగిలిపోతుంది. కిటికీలోంచి చూస్తే చెట్ల ఆకులు పసుపెక్కుతున్నాయి. గరిటెమ్మకు ఏడుపొచ్చింది.

అప్పుడు తోడికోడలు గుర్తొచ్చింది.

బావగారి భార్య ఆవిడ. అతిథులను ఆదరించడంలో ఆవిడంతటి మనిషి లేదు, వండడంలోనూ ఆవిడంతటి మనిషి లేదు. పుట్టుకతోనే ఆవిడ ముక్కు మూసుకుపోయి ఉండేది, అందుచేత వాసనా తెలియదు, రుచీ తెలియదు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. పైగా తీపి వేయని పదార్థం పెడితే అతిథిని అవమానించినట్టేనని ఆవిడ సిద్ధాంతం. ఏళ్ళ కిందట బావగారు గరిటెమ్మ దగ్గరకొచ్చి, చేతులు జోడించినంత పని చేసి, ఎలాగైనా గరిటె నువ్వు పుచ్చుకో అమ్మాయ్, నా పేరు మాత్రం రానీకు, అని వేడుకున్నాడు. గరిటెమ్మ పుచ్చుకుంది, పేరు రానివ్వలేదు. మరిది భార్య వచ్చీ రాగానే నా వంటిల్లు లాక్కుందని తోడికోడలి గుండెలో ఆనాడు రాజుకున్న మంట ఈనాటికీ ఆరలేదు. ఇద్దరి మధ్యా మాటలు ముళ్ళతోనే నడిచేవి. రెండు దేశాల యుద్ధం నిన్నమొన్నటిది, ఈ వంటింటి యుద్ధం అంతకంటే పాతది.

గరిటెమ్మ గరిటె తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. తోడికోడలు దుప్పట్లు మడతపెడుతోంది.

"అక్కా, రేపట్నుంచి వంట నువ్వు చూడాలి."

తోడికోడలు మడత ఆపి అనుమానంగా చూసింది. "ఏం, ఇప్పుడు గుర్తొచ్చానా? ఆనాడు నా చేతిలోది లాక్కుని, ఈనాడు నీకు విసుగుపుడితే నేను కావాలా?"

బావగారి పేరు నాలిక చివరిదాకా వచ్చింది. గరిటెమ్మ మింగేసింది. "ఎవరు ముందు మొదలుపెట్టారో తర్వాత తీరిగ్గా తేల్చుకుందాం అక్కా. అది తేలేదాకా ఆగితే నా తమ్ముడు దక్కడు. నీ వంట తింటే ఆ మంత్రులు త్వరగా దారికొస్తారని నా నమ్మకం."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.  తోడికోడలు దుప్పటి అలాగే వదిలేసి, గరిటె రెండు చేతులా అందుకుని, దాన్ని చీరకొంగుతో తుడిచింది. అంత శుభ్రంగా ఉన్న గరిటెను ఎందుకు తుడుస్తోందో గరిటెమ్మకు అర్థమైంది. సిగ్గుతో తల వంచుకుంది.

"వాడు రాతి గనిలో ఎలా ఉన్నాడో ఏమో పిచ్చి సన్నాసి" అంది తోడికోడలు గొంతు మార్చి. "చూడు, నా చేత్తో వండి వాణ్ణి తెప్పిస్తాను."

తెప్పించే ప్రయత్నం మర్నాడే మొదలైంది. చక్కెర, లవంగాలు దండిగా పోసిన చేపల సూపు. ఉడికించి, శుభ్రత కోసం మళ్ళీ సబ్బుపెట్టి నురగ పోయేదాకా కడిగిన మాంసం. తేనెలో నానబెట్టిన క్యాబేజీ. ఆవిడ వండి ఊరుకునే రకమా? మంత్రుల వెనకాలే నిలబడి, ఎలా ఉందని అడిగి, వాళ్ళు నోరు తెరిచేలోగా ఇంకో గరిటె వడ్డించేది. హోటల్ యజమానురాలు, పెద్దావిడ, కన్నతల్లిలా కొసరి పెడుతుంటే ఏ మంత్రి కాదంటాడు? అవతలివాళ్ళు వదిలేస్తే ఆతిథ్యాన్ని అవమానించారని ఇవతలివాళ్ళంటారు. ఇవతలివాళ్ళు వదిలేస్తే మీ వంట మీరే తినలేరా అని అవతలివాళ్ళంటారు. కాబట్టి ఇద్దరూ తిన్నారు. మీసాలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళద్దాలాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, కంచంలో ఏముందో కనబడకుండా.

బావగారు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్, ఎంత పని చేశావమ్మా!" అన్నాడు గొంతు తగ్గించి.

"అక్క వంట గురించి చెప్పేదేమైనా ఉంటే అక్కకే చెప్పండి బావగారూ" అంది గరిటెమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ.

బావగారు పొయ్యి దగ్గరున్న భార్యను చూశాడు, ఆవిడ చేతిలోని గరిటెను చూశాడు. ఏమిటండీ అందావిడ. ఏంలేదన్నాడాయన. ఎక్కడ నోరు మెదపకూడదో తెలుసు కనుకే ఆయన అంత యుద్ధంలోనూ హోటలును కాపాడుకున్నాడు.

ఇక హాల్లో వింతలు మొదలయ్యాయి. మధ్యాహ్నం నిద్రలు పోయాయి, ఆ కడుపుతో ఎవరికి నిద్ర పడుతుంది? పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. ఒక్కో కొండ కోసం యుద్ధంలో వారాల తరబడి కొట్టుకున్నవాళ్ళు, ఆ కొండ మీరే ఉంచుకోండని ఒకరూ, అబ్బే సగం మీకే చెందాలని ఒకరూ మర్యాదలు పోయారు. బొగ్గు చెరిసగం అన్నారు. వంతెన ఇద్దరూ కలిసి కడదామన్నారు. నడవలో ఎదురుపడితే కడుపు ఎలా ఉందని ఒకరినొకరు అన్నదమ్ముల్లా పరామర్శించుకునేవారు. మీసాలాయన తన దగ్గరున్న వాము బిళ్ళల డబ్బాలో సగం కళ్ళద్దాలాయనకు ఇచ్చాడు. ఉమ్మడి శత్రువు ఉంటే స్నేహం కుదరడమెంతసేపు!

గరిటెమ్మ తలుపు సందులోంచి చూసి నోరు నొక్కుకుని నవ్వేది. మరుక్షణం వంటింట్లో తోడికోడలు పాడుకుంటూ వండడం వినబడి నవ్వు ఆగిపోయేది. ఏళ్ళ తరబడి ఆ మనిషి పాడగా ఎవరూ వినలేదు. ఇంత సంతోషాన్ని తను ఆయుధంగా వాడుకుంటోందని గరిటెమ్మ మనసు పీకేది. తమ్ముడి దగ్గు గుర్తు తెచ్చుకుని ఊరుకునేది.

చెట్ల ఆకంతా రాలిపోయింది. ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. అన్నీ కుదిరాయి గాని ఆ మొదటి వాక్యం మాత్రం కుదరలేదు. కారణం తేలకుండా సంతకం ఎలా పెడతాం, చరిత్ర అడగదా, అని ఇద్దరూ భీష్మించుకున్నారు. ఆ పొద్దున తోడికోడలు హాల్లోకి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఇన్నాళ్ళూ మామూలు వంటలతో సరిపెట్టాను, ఇవాళ మధ్యాహ్నానికి నా ప్రత్యేకం చేస్తున్నాను, మాంసంతో మిఠాయి, అంది.

 ఆవిడ వెళ్ళాక మంత్రులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్ళద్దాలాయన కలం తీసుకుని మొదటి వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. మీసాలాయన ఆ కలమే అందుకుని సంతకం పెట్టాడు. అందుకే ఈనాటికీ ఆ యుద్ధానికి కారణం ఏటికి ఇటు బళ్ళో ఒకటి చెబుతారు, అటు బళ్ళో ఒకటి చెబుతారు. రైళ్ళు సిద్ధం చేయించి, భోజనానికి ఆగకుండా ఇద్దరూ బయల్దేరారు. పాపం, ఆకలితో పంపుతానా అని తోడికోడలు చెరో పొట్లం కట్టి ఇచ్చింది. ఆ పొట్లాలు ఏట్లో తేలాయని, ఆ ఏడాది చేపలు పడలేదని పడవవాడంటాడు గాని, అది నమ్మక్కర్లేదు.

ఊరు కొన్నాళ్ళు నిట్టూర్చింది. లాండ్రీవాడు శాంతి మరీ ఇంత హఠాత్తుగా రావాలా అన్నాడు. తోడికోడలు మాత్రం, నా వంట తిన్నారు, సంతకాలు పెట్టారు, అని వీధిలో వచ్చేపోయే ప్రతివాళ్ళకూ చెప్పింది. అందరూ నవ్వారు. గరిటెమ్మ నవ్వలేదు, నిజమేనంది.

మొదటి మంచు పడిన రోజున తమ్ముడొచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడితే, ఎవరో పెద్దాయన దారి అడగడానికొచ్చాడని గరిటెమ్మ అనుకుంది. దగ్గు విని గుర్తుపట్టింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియదు. పొయ్యి మీద తోడికోడలి సూపు ఉడుకుతోంది, చక్కెర వేసినదే. ఉండు, నేను వేరే చేస్తానని గరిటెమ్మ అంటుండగానే తోడికోడలు గిన్నె నిండా పోసి వాడి ముందు పెట్టేసింది.

వాడు తిన్నాడు. గిన్నె చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తకుండా తిన్నాడు. మళ్ళీ పోస్తే మళ్ళీ తిన్నాడు. గిన్నె అంచు వేలితో తుడిచి నాకి, "చాలా బాగుందక్కా" అన్నాడు.

తోడికోడలి మొహం వెలిగిపోయింది. గరిటెమ్మ కట్టెలు తెస్తానని పెరట్లోకి పోయి, మంచులో నిలబడి కుమిలి కుమిలి ఏడ్చింది. ఆవిడ పడ్డ భయాలన్నిట్లోకీ ఆ మాటే పెద్దదిగా అనిపించింది. మంత్రులు తనకు మనిషిని వాపసు ఇచ్చారు, లోపలి తమ్ముణ్ణి ఇవ్వలేదు.

ఆ చలికాలమంతా ఆవిడ వాడికి వండి పెట్టింది. ఏం పెట్టినా వాడు తిన్నాడు, ఏం తిన్నా బాగుందన్నాడు. వారానికొక రోజు వంటిల్లు తోడికోడలిదని ఆడవాళ్ళిద్దరూ ఒప్పందానికొచ్చారు. బావగారు ఆ రోజు మాత్రం పని ఉందని ఊరెళ్ళేవాడు. ఎవరు ముందు మొదలుపెట్టారన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏటి మీద కొత్త వంతెనకు స్తంభాలు లేచాయి. వాడి దగ్గు తగ్గింది. బుగ్గలు కొంచెం నిండాయి. గిన్నె చుట్టూ చెయ్యి పెట్టుకోవడం మాత్రం మానలేదు.

ఒకరోజు పొద్దున సూపు పోసి గరిటెమ్మ పొయ్యి వైపు తిరిగింది. వెనకాల చెంచా చప్పుడు ఆగిపోయింది. ఏమైందోనని తిరిగి చూస్తే, వాడు చెయ్యి గిన్నె మీంచి తీసేసి, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాడు.

"ఉప్పు తక్కువైందక్కా."

గరిటె ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు. వాడు తల వంచాడు. అది పోయి తలుపుకు ఠంగుమని తగిలింది. పక్కగదిలోంచి తోడికోడలు పరుగెత్తుకొచ్చి, కింద పడ్డ గరిటెను, నవ్వుతున్న వాణ్ణి, కొంగు నోట్లో కుక్కుకున్న గరిటెమ్మను చూసి, గిన్నెలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిగ్గానే ఉన్నట్టుందే!" అంది.

"సరిగ్గానే ఉందక్కా" అంది గరిటెమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.